నీళ్లకు ధర పెట్టాక

ఆ వంటశాలలో అందరూ ఆయన్ని తాళం అనేవాళ్లు. ఎదురుగా అయితే తాళం పెద్దాయన, వెనక వట్టి తాళం. విమానాల్లోకి వెళ్లే తిండి ట్రాలీలకు తలుపు మూసి సీలు బిగించడం ఆయన పని. నోరు కూడా అంతే బిగువుగా ఉంటుంది కనక ఆ పేరు పెట్టినవాణ్ణి ఎవరూ తప్పుపట్టలేదు. ఆయనా పట్టలేదు. పట్టాలంటే నోరు తెరవాలి.

పొడుగాటి హాలు. నడుమ స్టీలు బల్లలు, ఒక పక్క చలిగది, మరో పక్క లారీలు వెనక్కి వచ్చి ఆగే అరుగు. బల్ల దగ్గర నిలబడి ట్రాలీ సొరుగులు నింపే ఆవిడ పేరు రేడియో. పొద్దున టోపీ పెట్టుకున్నప్పుడు మొదలైన మాట మధ్యాహ్నం టోపీ తీసేదాకా ఆగదు. ఆమె నింపి తోసిన ట్రాలీ చక్రాల మీద జారుతూ తాళం ముందుకొస్తుంది. ఆయన వంగి ఒకసారి చూసి, తలుపు మూసి, గొళ్లెం కన్నంలో ప్లాస్టిక్ సీలు దూర్చి, టక్కుమనేదాకా లాగి, సీలు మీది నంబరు కాగితం మీద వేస్తాడు. పక్కనే ఒక విడిపెట్టె ఉంటుంది. కాగితపు కప్పులు, చేతిరుమాళ్లు, చక్కెర పొట్లాలు అందులో సర్ది ట్రాలీలతో పాటు పంపడం కూడా ఆయన వంతే. లారీ విమానం పక్కకు వెళ్లి, వెనక గదిని కత్తెరకాళ్ల మీద పైకెత్తి, తలుపుకు ఆనించి, అన్నిటినీ లోపలికి తోస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే.

ఆ పంతొమ్మిదేళ్లలో ఎక్కువకాలం గంట ప్రయాణానికైనా కడుపునిండా పెట్టి, అడిగినన్నిసార్లు గ్లాసులో నీళ్లు పోసేవాళ్లు. మూడు నెలల కిందట కంపెనీవాళ్లు చిన్న ప్రయాణాల్లో తిండికీ నీళ్లకీ ధర పెట్టారు. అంతకుముందు నాలుగు సీసాలు తగ్గితే తగ్గాయని అడిగే నాథుడు లేడు. ధర పడ్డాక ఒక్కో సీసా బడిలో పిల్లాడిలా హాజరు పలకాల్సి వచ్చింది. హాజరు తప్పిన సీసా ఏదని అడిగినప్పుడు హాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టింది.

ఆ హాలు నుంచి వెళ్లే చిన్న ప్రయాణం పదకొండు గంటల విమానం ఒక్కటే; మిగతా వాటిలో నీళ్లు ఇప్పటికీ ఉచితమే, లెక్క లేదు. ఆ పదకొండు గంటల విమానంలో సీసాలు తగ్గుతున్నాయి. రోజూ కాదు. వారానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. రెండు ట్రాలీల్లో కలిపి సరిగ్గా ఎనిమిది.

సోమవారం ఉదయం సూపర్వైజరు మేడం కాగితాలు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. వయసు చిన్నదైనా గొంతులో చనువు ఉండదు.

"సీలు తెగలేదు. నంబరు సరిపోయింది. విమానంలోవాళ్లు తెరిచి చూస్తే సీసాలు లేవు. అంటే ఇక్కణ్ణించి కదిలేటప్పుడే లేవు. నింపిందెవరు?"

"నేనే మేడం," అంది రేడియో. "ట్రాలీకి ఇరవైనాలుగంటే ఇరవైనాలుగే పెట్టాను. ఇద్దరు పిల్లలకి ఒక్క రొట్టె తగాదా రాకుండా పంచుతాను, నాకు లెక్క రాదా?"

"లెక్క వచ్చినవాళ్లకే తగ్గించడం కూడా వస్తుంది."

రేడియో నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆ హాల్లో ఆమె మాట మధ్యలో ఆగడం అదే మొదలు.

"శనివారం దాకా చూస్తాను. ఎలా పోతున్నాయో తేలితే సరే. తేలకపోతే ఆదివారం నుంచి ఈ బల్ల దగ్గర వేరే మనిషి ఉంటారు."

మేడం వెళ్లాక రేడియో తాళం వైపు తిరిగింది. "బాబాయ్, మీరు రోజూ చూస్తారుగా. నేను తీసేదాన్నా చెప్పండి."

తాళం సీలు కట్ట సర్దుకుంటూ "చూస్తున్నాలేమ్మా," అన్నాడు. అంతే. ఆమె ఇంకో మాట కోసం ఎదురుచూసి, రాదని తెలిసి, బల్ల వైపు తిరిగిపోయింది.

ఆమె తియ్యదని ఆయనకు తెలుసు. గట్టిగా ఆ మాట అనకపోవడానికి కారణం వేరే ఉంది. అది సోమవారం నుంచి ఆయన గుండెల మీద కుంపటిలా కూర్చుంది.

సీలు తెగకుండా కూడా విప్పవచ్చు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, మెత్తబడ్డాక సన్నని తీగ దూర్చి నొక్కితే లోపలి నాలుక వెనక్కి జరుగుతుంది. మళ్లీ లాగితే టక్కుమని పడుతుంది. చిన్న గీత కూడా మిగలదు. ఈ కిటుకు ఆయన ఒక్కడే కనిపెట్టాడు, జన్మలో ఒకే ఒక్కడికి చూపించాడు. ఎనిమిది నెలల కిందట, తన మాట మీద ఇక్కడే లారీ పనిలో చేరిన అల్లుడికి. ఇంట్లో కూర్చుని, పాత సీలు ఒకటి తెచ్చి, వేడినీళ్ల గిన్నె పెట్టి మరీ చూపించాడు. ఆయన బతుకులో కొట్టుకున్న గొప్ప అదొక్కటే. పదకొండు గంటల విమానానికి ట్రాలీలు తీసుకెళ్లేది ఆ అల్లుడే.

ఆ రోజునుంచి తాళం అల్లుణ్ణి చూపులతో తూచడం మొదలుపెట్టాడు.

వంటశాల నుంచి విమానం దాకా లారీకి తొమ్మిది నిమిషాలు చాలు. అల్లుడికి పదిహేను పడుతోంది. అడిగితే, "గేటు దగ్గర రద్దీ మామయ్యా," అంటాడు, బూట్ల వైపు చూస్తూ. నిజం చెప్పేవాడు బూట్ల వైపు ఎందుకు చూస్తాడు? సంచిలో ఒక ఫ్లాస్కు ఉంటుంది. మంగళవారం అల్లుడు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు తాళం కొక్కేనికి వేలాడే ఆ సంచిలో చెయ్యి పెట్టాడు. ఫ్లాస్కు మూత తిప్పి వాసన చూశాడు. టీ కాదు. వట్టి వేడినీళ్లు. వట్టి వేడినీళ్లు మోసుకు తిరిగే మగవాడు ఎక్కడైనా ఉంటాడా?

ఒక్కటే పొసగలేదు. సీసాలు తగ్గిన రోజులన్నీ అల్లుడి సెలవు రోజులే, లేదా మరో విమానానికి వెళ్లిన రోజులే. మేడంకి ఆ సంగతి తెలియదు, లారీల చీటీ ఆమె దగ్గరికి రాదు. ఇంట్లోవాడు కనక తాళానికి తెలుసు. మామూలు మనిషైతే అక్కడ ఊపిరి పీల్చుకునేవాడు. తాళం మాత్రం, తను లేని రోజు పోతే తన మీదికి రాదనేగా వీడి ఎత్తు, అనుకున్నాడు. ఎవణ్ణో కలుపుకున్నాడు. తెలివి మీరిపోయాడు. అనుమానం పట్టినవాడికి నిర్దోషికి పనికొచ్చే సాక్ష్యం కూడా దొంగతనంలాగే కనబడుతుంది.

బుధవారం పని దిగి కూతురింటికి వెళ్లాడు. ముందుగదిలో రెండు కొత్త కుర్చీలు.

"ఇవెక్కడివి?"

"దుకాణంలోవి నాన్నా. కుర్చీలు ఇంకెక్కణ్ణించి వస్తాయి?" అంది కూతురు నవ్వుతూ. "కూర్చోండి."

పదహారు సీసాల నీళ్లమ్మినా ఒక కుర్చీ కాలు కూడా రాదని ఆయనకు తెలుసు. అయినా ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు. మనవరాలిని ఎత్తుకుని నిలబడే ఉన్నాడు.

"మీ ఆయన ఈమధ్య ఎలా ఉంటున్నాడమ్మా?"

కూతురు పిల్ల గౌను సర్దుతూ, "బాగానే ఉన్నారు. ఏం నాన్నా?" అంది.

"ఊరికే."

"మీరు ఊరికే ఎప్పుడూ ఏదీ అడగరు." ఆమె మరేదో చెప్పబోయి పెదవి కొరుక్కుంది. ఆ కొరకడం ఆయన చూశాడు. దీనికీ తెలుసన్నమాట, అనుకున్నాడు. పిల్లను దించి, నీళ్లు కూడా తాగకుండా వచ్చేశాడు.

గురువారం అల్లుడి లారీలో సామాను తోసే మనిషికి జ్వరం. తాళం చేతి తొడుగులు వేసుకుని అరుగు దిగాడు.

"ఇవాళ నేనొస్తా."

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరెందుకు మామయ్యా? ఇంకెవరినైనా..."

"ఏం, నేను తొయ్యలేననా?"

"అబ్బే, అది కాదు." బూట్ల వైపు చూశాడు.

లారీ గేటు దాటి, విమానం పక్కన పసుపు గీత దగ్గర ఆగింది. లోపలివాళ్లు ఇంకా దిగుతున్నారు. వాళ్లు దిగేదాకా గీత దాటకూడదు. అల్లుడు రెండు నిమిషాలు స్టీరింగు మీద వేళ్లతో దరువు వేశాడు. తర్వాత సంచి అందుకున్నాడు.

"మీరిక్కడే కూర్చోండి మామయ్యా. వెనక చలి. మీకు పడదు."

తాళం తల ఊపాడు. తలుపు పడిన చప్పుడు విని, వందదాకా లెక్కపెట్టి, లారీ పక్కగా నడిచి వెనక్కి వెళ్లాడు. గది తలుపు జానెడు తీసి ఉంది.

అల్లుడు మొదటి ట్రాలీ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. సీలుకు తడిగుడ్డ చుట్టి ఉంది, పక్కన ఫ్లాస్కు పొగలు కక్కుతోంది. తీగ లోపలికి వెళ్లింది. సీలు విడింది. అదీ ఎంత నేర్పుగా! నేర్పినవాడికే అంత నేర్పు లేదు. తాళం పిడికిలి బిగించి మెట్టు ఎక్కబోయాడు. అంతలో అల్లుడు విడిపెట్టెలోకి చెయ్యి చాచి, కప్పుల కిందినుంచి నీళ్ల సీసా తీసి, ట్రాలీలో పెట్టాడు. ఇంకొకటి తీసి పెట్టాడు. మూడు. నాలుగు. తలుపు మూసి, సీలు బిగించి, రెండో ట్రాలీ వైపు జరిగాడు. తాళం మెట్టెక్కి లోపలికొచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

అల్లుడు ఉలిక్కిపడి ఫ్లాస్కు తన్నేశాడు. నీళ్లు ఇద్దరి బూట్ల మధ్యనుంచి పారాయి.

"ఎన్నాళ్లనించి తీస్తున్నావు?"

"నేను తియ్యట్లేదు మామయ్యా. పెడుతున్నాను. తీసేది మీరు."

"నేనా?"

"మీ ఎడంచెయ్యి."

తాళం ఒక అడుగు ముందుకు వేశాడు. "చేసింది చాలక నా మీదికి నెడతావా?"

"విడిపెట్టె సర్దేది ఎవరు? మీరేగా. అందులో సీసాలెందుకున్నాయి? చూడండి, ఇంకా నాలుగున్నాయి."

తాళం వంగి చూశాడు. కప్పుల దొంతర కింద నాలుగు సీసాలు, మూతలు ఒకే వైపు పెట్టి, రెండేసి జతగా. వాటిని అలా జతగా పడుకోబెట్టే మనిషి ఆ వంటశాలలో ఒక్కడే. ఆయన చెయ్యి ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

పదిహేనేళ్ల కిందటి మాట. కింది సొరుగులో ముందు వరస సీసాలు తలుపు రబ్బరుకు ఆని, విమానం గాల్లో ఉండగా తలుపు బిగిసిపోయి, లాగబోయిన ఎయిర్‌హోస్టెస్ వేలు నలిగింది. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. కానీ ఆనాటినుంచి తలుపు మూసేముందు రబ్బరుకు తగిలే నాలుగు సీసాలు తీసి విడిపెట్టెలో వెయ్యడం అలవాటైంది. విమానంలోవాళ్లు అందులోంచి తీసుకుని దాహమన్నవాళ్లకి ఇచ్చేవాళ్లు, వాళ్లూ తాగేవాళ్లు. నీళ్లే కదా. ఇప్పుడూ అలాగే, ఇవి మనకోసం పంపారనుకుని తాగేస్తున్నారు. ధర పెట్టిన సంగతి ఆయన చెవులు విన్నాయి, కళ్లు చదివాయి. చేతికి ఎవరూ చెప్పలేదు.

ఆయన సీసాల పక్కనే కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామనే అనుకున్నా. మీ అమ్మాయి వద్దంది. పంతొమ్మిదేళ్ల చేతిని తప్పుపడితే నాన్న తట్టుకోలేరు, మీరే ఎలాగోలా సర్దండి అంది. మీరు అడిగినా చెప్పేవాణ్ణి. మీరు అడగరు మామయ్యా, చూస్తారంతే." అల్లుడు గుడ్డ పిండుతూ ఆగాడు. "సంచిలో చెయ్యి పెట్టినప్పుడు నేను అద్దంలో చూస్తూనే ఉన్నా."

తాళం కప్పుల కిందినుంచి సీసాలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. బయట ఎవరో గీత దాటి రమ్మని పచ్చజెండా ఊపారు.

"నువ్వు రాని రోజు ఎనిమిదీ పోతున్నాయి. దానికి రేడియో ఉద్యోగం పోతుంది."

"నేను సెలవు పెట్టను."

"ఎన్నేళ్లు పెట్టవు?" ఆయన చెయ్యి చాచాడు. "ఆ తీగ ఇలా తే."

విమానాల దగ్గర నేల మీద చిన్న మేకు కూడా పడెయ్యకూడదు. తీగను మడిచి జేబులో వేసుకున్నాడు. మిగిలిన నాలుగు సీసాలు ఒళ్లో పెట్టుకుని, రెండో ట్రాలీ సీలు వైపు చూసి, "ఇది ఇలాగే వెళ్తుంది," అన్నాడు. "విమానంలోవాళ్లకి నాలుగు తక్కువని నేనే చెప్తాను."

శుక్రవారం ఉదయం మేడం గదిలో నిలబడి, తన చెయ్యే తీస్తోందని, రేడియో తప్పు లేదని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. తీగ మాట చెప్పలేదు. అది చెబితే అల్లుడి ఉద్యోగం ఆ పూటే పోతుంది.

మేడం పెన్ను కింద పెట్టింది. "పంతొమ్మిదేళ్లలో మీరు నాతో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు."

"మీరొచ్చి రెండేళ్లేనమ్మా."

"అదే అంటున్నా. ఇవాళే ఎందుకు? నిన్న మీ అల్లుడి లారీలో వెళ్లారట. నాలుగు తక్కువ దొరికాయట. ఇవాళ తప్పు మీదేనంటున్నారు. ఎవర్ని కాపాడుతున్నారు పెద్దాయనా?"

ఆమె చూపు ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు. నాలుగు రోజులుగా తన కళ్లల్లో ఉన్నదే అది.

"చూపిస్తాను. వచ్చి చూడండి."

మేడం స్టూలు వేయించుకుని కూర్చుంది. రేడియో ట్రాలీలు నింపి తోసింది, మొహం ఇటు తిప్పకుండా. తాళం ఒకటి మూశాడు. రెండు. మూడు. చెయ్యి బుద్ధిగా ఒంటిని అంటిపెట్టుకుని ఉంది. ఆరు మూశాడు. ఒక్క సీసా కదల్లేదు. ఇన్నాళ్లూ అడక్కుండా తీసిన చెయ్యి ఇవాళ బతిమాలినా తియ్యడంలేదు. కావాలని తీస్తే నటన అంటుంది. తియ్యకపోతే అబద్ధమంటుంది.

పదో ట్రాలీకి మేడం లేచింది. "చాలు."

"ఉండండి మేడం," అంది రేడియో. ఇప్పుడిప్పుడే ఆమెకు సంగతి అర్థమవుతోంది. "అలా రెప్పవెయ్యకుండా చూస్తే ఎవరి చెయ్యైనా భక్తిగానే ఉంటుంది. మీరు అటు తిరిగి కాగితాలు చూసుకోండి. ఇంకో రెండు తోస్తాను."

మేడం స్టూలు అటు తిప్పుకుంది. రేడియో ట్రాలీ తోస్తూ, "బాబాయ్, మనవరాలికి పళ్లొచ్చాయా?" అంది.

"రెండు," అన్నాడు తాళం తలుపు పట్టుకుని. "కింద. మొన్న ఎత్తుకుంటే నా వేలు కొరికింది."

"నొప్పెట్టిందా?"

"నొప్పా! మళ్లీ కొరుకు తల్లీ అని పెట్టాను. అప్పుడు కొరకదే! వాళ్లమ్మ కూడా అంతే, చిన్నప్పుడు..."

"మేడం," అంది రేడియో, గొంతు పెంచకుండా.

మేడం తిరిగింది. తాళం కుడిచేత్తో తలుపు మూస్తున్నాడు. ఎడంచేతి వేళ్ల సందున రెండు సీసాలు. మరో రెండు అప్పటికే విడిపెట్టెలో, కప్పుల కింద, జతగా పడుకుని ఉన్నాయి. తన చేతిని తానే చూసుకుని ఆయన పరాయివాడి చెయ్యిని చూసినట్టు ఉలిక్కిపడ్డాడు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. దగ్గరికొచ్చి విడిపెట్టెలోకి చూసింది.

"సరే. మీ చెయ్యే. అయితే రోజూ తగ్గాలిగా? వారానికి ఒకటి రెండు రోజులే ఎందుకు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. రాత్రంతా వెతికినా జవాబు దొరకలేదు. అరుగు దగ్గర అల్లుడు లారీ తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"దానికేముంది మేడం," అంది రేడియో. "ఇప్పుడు చూశారుగా, నోరు విప్పితేనే చెయ్యి తీస్తుంది. ఈయన నోరు విప్పేదే వారానికి ఒకటి రెండు సార్లు."

ఈసారి హాలంతా గొల్లుమంది. మేడం పెదవి చివర కూడా కొంచెం వంగింది. కానీ కళ్లు నవ్వలేదు. అవి తాళం మీంచి అరుగు మీదికి, అరుగు మీంచి లారీ మీదికి వెళ్లి, అక్కడ కాసేపు ఆగి తిరిగొచ్చాయి.

"వచ్చే వారం నుంచి ఇనుపతీగ సీళ్లు తెప్పిస్తాను," అంది. "మీరు కడిగే చోటికి మారండి. అక్కడ మాట్లాడినా ఫరవాలేదు." గదివైపు నడుస్తూ, రేడియో దగ్గర ఆగకుండానే, "ఆదివారం నువ్వు మామూలుగానే రా," అంది.

మేడం గది తలుపు పడ్డాక తాళం బల్ల దగ్గరికి వెళ్లాడు. ఏదో అనాలి.

"అమ్మా..."

"ఏమొద్దు బాబాయ్." రేడియో సీసాలు సర్దుతూనే ఉంది. "నేను తీశానని మీరు అనుకోలేదు. అది నాకు తెలుసు. మీ మొహం చూసి సోమవారమే తెలుసుకున్నాను. అలాంటప్పుడు ఆ ఒక్క మాట అందరిలో అంటే ఏం పోయేది? నాలుగు రాత్రులు నేను పిల్లల మొహాలు చూస్తూ కూర్చున్నాను."

కారణం అల్లుడే. అది చెప్పడానికి లేదు.

శనివారం నుంచి ఆయన వెనక గదిలో, తిరిగొచ్చిన ట్రాలీలు కడిగే చోట. రబ్బరు బూట్లు, గొట్టంలోంచి ఆవిరి కక్కే నీళ్లు. అల్లుడు ఖాళీ ట్రాలీలు దింపి వెళ్తాడు. అక్కడ ఇద్దరూ, "జాగ్రత్త," అనుకోవడం తప్ప వేరే మాటాడరు. మేడం గదికి ఆ వైపున ఒక కిటికీ ఉంది.

మూడోనాడు ఒక ట్రాలీ అడుగు సొరుగులో, చెత్త కాగితాల కింద, మూత తియ్యని నీళ్ల సీసా ఒకటి చేతికి తగిలింది. అమ్ముడుపోనిది, ఎవరూ లెక్కలో వేసుకోనిది. ఆవిరికి గొంతు ఎండిపోయి ఉంది. తాళం మూత మీద వేళ్లు వేశాడు. కిటికీ వైపు చూశాడు. తర్వాత ఆ సీసాను తలకన్నా ఎత్తుగా, హాల్లో ఉన్న ప్రతి కంటికీ కనబడేలా పట్టుకుని, బల్లల మధ్యనుంచి సామాన్ల గది కిటికీ దాకా నడిచాడు.

"ఒక సీసా. రాసుకో," అన్నాడు లోపలివాడితో. "రాసి, నాకు సంతకం పెట్టి ఇవ్వు."

"ఒక్క సీసాకి సంతకమేంటి పెద్దాయనా?"

"పెట్టు."

చీటీ మడిచి జేబులో పెట్టుకుని తిరిగి వస్తుంటే, రేడియో తల ఎత్తకుండా, "చెయ్యి దించండి బాబాయ్," అంది. "సీసా ఇచ్చేశారుగా."

అప్పటికి గాని ఆయన చూసుకోలేదు. ఎడంచెయ్యి ఇంకా పైనే ఉంది.